పనసగొంది రోడ్డు కోసం నలభై రెండు కిలోమీటర్లు

కొర్రా గాసన్న కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ ఉంది. ఇరవయ్యేళ్ళుగా డోలీ కర్ర ఆనీ ఆనీ కాసిన కాయ. పనసగొందిలో ఎవరికి జబ్బు చేసినా, ఎవరికి నొప్పులొచ్చినా, పొడవాటి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, మనిషిని అందులో పడుకోబెట్టి, నలుగురూ భుజాలు మార్చుకుంటూ తొమ్మిది కిలోమీటర్లు కొండ దిగాలి. అప్పుడు తారురోడ్డు వస్తుంది. రాగలిగిన రోజున ఆ రోడ్డు మీదికి అంబులెన్సు వస్తుంది.

రెండేళ్ళ కిందట గాసన్న తన భార్యనే అలా మోశాడు. ఆమెను పాము కరిచింది. రెండో కిలోమీటరు మలుపులో మూలుగు ఆగిపోయింది. ఆరో కిలోమీటరు దగ్గర వెనక కర్ర పట్టినవాడు, "దించేద్దుం మావా, ఇంకెందుకు" అన్నాడు. గాసన్న దించలేదు. తారురోడ్డు దాకా మోశాడు. అక్కడ దించి, కాసేపు పక్కన కూర్చుని, మళ్ళీ ఆ తొమ్మిది కిలోమీటర్లూ పైకి మోసుకొచ్చుకున్నాడు. దినాలు అయిపోయిన మర్నాడు గునపం పట్టుకుని ఊరి చివర నిలబడి బాట తవ్వడం మొదలుపెట్టాడు. ఎవరినీ రమ్మనలేదు. నాలుగో రోజుకి పన్నెండు కుటుంబాలూ వచ్చాయి. రెండేళ్ళలో ఆటో పట్టేంత వెడల్పున మూడు కిలోమీటర్లు తెగింది.

ఈ ఊరికి రోడ్డు లేదన్న సంగతి ప్రభుత్వానికి తెలియదనడం అన్యాయం. జిల్లాలో 'మారుమూల మార్గాల ప్రోత్సాహక విభాగం' అని అందుకోసమే ఒక ఆఫీసుంది. దానికొక ప్రత్యేక అధికారి, ఆయనకొక జీపు, ఆయన కింద ఏడుగురు ఇంజనీర్లు. రోడ్డు వేసే అధికారం ఆ ఆఫీసుకి లేదు. రోడ్డు లేకపోవడాన్ని గుర్తించే అధికారం ఉంది. ఏటేటా మార్చి నెలలో, తప్పకుండా, గుర్తిస్తూనే ఉంది.

ఆ ఏడు జిల్లా అధికారులకి పరుగు పట్టుకుంది. ఎవరికి మొదట సోకిందో తెలియదు కాని, సంక్రాంతికి నడిచేవాళ్ళంతా ఉగాదికి పరిగెడుతున్నారు. ముంజేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు వచ్చాయి. బదిలీల గురించి మాట్లాడుకునే చోట మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటున్నారు. ఊరికే పరిగెడితే స్వార్థం అవుతుంది కనుక, పరుగుకొక పుణ్యకార్యం కావలసి వచ్చింది. ప్రత్యేక అధికారి వేదాంతం శశిభూషణ్ గారి బల్ల మీద పుణ్యకార్యం సిద్ధంగా ఉంది. పట్నం నుంచి కొండ మొదలు దాకా పన్నెండు కిలోమీటర్లు. అక్కణ్ణించి పనసగొంది తొమ్మిది. పోనూ రానూ నలభై రెండు. సరిగ్గా మారథాన్ దూరం.

"ఇది యాదృచ్ఛికం కాదు," అన్నారు శశిభూషణ్ గారు. "ఇది అనుసంధానం."

అలా 'పనసగొంది రోడ్డు కోసం పరుగు' పుట్టింది. దాన్ని నడపడానికొక సంఘం. ఆరు నెలల పాటు ప్రతి ఆదివారం సాధన పరుగులు. వచ్చిన విరాళాలతో రోడ్డు.

ఈ కబురు పైకి తెచ్చింది పంచాయతీ కార్యదర్శి హైమావతి. మైదానం నుంచి వచ్చిన ముప్పై ఏళ్ళ మనిషి. పింఛన్ల రోజున ఆ కొండెక్కి వచ్చే ఒకే ఒక్క ప్రభుత్వోద్యోగి.

"గాసన్నా, మన రోడ్డు కోసం పెద్ద పెద్ద ఆఫీసర్లు పరిగెడతారంట," అంది ఆయాసపడుతూ.

గాసన్న గునపం పాతి ఆలోచించాడు. "ఆలు పరిగెడితే రోడ్డెలాగొస్తాదమ్మా?"

"చూసినవాళ్ళు డబ్బులిస్తారు."

"పరిగెడితే ఇత్తారా? మేం ఇరవయ్యేళ్ళ నుంచి పరిగెడతన్నాం గదేటి, డోలీ అట్టుకుని."

"నువ్వు పరిగెట్టేది ఎవరూ చూడలేదు కదా," అంది హైమావతి.

అది న్యాయంగానే తోచింది గాసన్నకి.

మొదటి ఆదివారం నూట నలభైమంది వచ్చారు. చిలకపచ్చ బనీన్లు, వీపున 'నా ప్రతి అడుగూ మీ రోడ్డు' అన్న అక్షరాలు. ఊరంతా బాట పక్కన నిలబడి అడ్డాకు దొప్పల్లో రాగుల చోడంబలి పోసి ఇచ్చింది. పట్నం వాళ్ళు రాళ్ళు పట్టుకుని ఎక్కారు, చెట్ల వేళ్ళు పట్టుకుని దిగారు, గెడ్డ వాగు దాటుతూ పడ్డారు, లేచి ఫోటోలు తీసుకున్నారు. ఇంత అందమైన బాట జన్మలో చూడలేదన్నారు. ఒకాయన రాతిని కౌగలించుకున్నాడు. ఇన్నాళ్ళూ మోకాళ్ళు అరగదీసుకున్న బాట ఇంత గొప్పదని తెలియనందుకు పనసగొంది సిగ్గుపడింది.

ఒకే ఒక్క ఫిర్యాదు. పైన మూడు కిలోమీటర్లూ చదునుగా ఉంది. దినకర్ అనే పరుగు శిక్షకుడు, మెడలో ఈల, చేతిలో గడియారం, ఆ తవ్విన భాగం మొదట్లో ఆగి, అన్నంలో వెంట్రుక కనబడినవాడిలా మొహం పెట్టాడు.

"ఎవడు చేశాడీ పని? ఇక్కడికొచ్చేసరికి పిక్కలకి పనే లేకుండా పోయింది!"

"మేమే సేసినాం బాబూ," అన్నాడు గాసన్న, మెచ్చుకుంటున్నాడనుకుని.

పది రోజుల్లో హైమావతి నోటీసు తెచ్చింది. చదవలేక చదివింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, పనసగొంది సహజ పరుగుబాట యందు ఎగువ మూడు కిలోమీటర్ల మేర కొందరు వ్యక్తులు రాళ్ళు తొలగించి, ఎత్తుపల్లములు సవరించి, బాటను అభివృద్ధిపరచి తీవ్ర నష్టము కలుగజేసినట్లు సంఘము దృష్టికి వచ్చినది. సదరు వ్యక్తులు సదరు బాటను పూర్వస్థితికి తేవలసినది."

గాసన్న పట్నం వెళ్ళాడు. ప్రత్యేక అధికారి లేచి నిలబడి మరీ నమస్కారం పెట్టారు. కూర్చోమన్నారు. మజ్జిగ తెప్పించారు. ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు.

"చూడండి గాసన్న గారూ, దీన్ని మీరు సమగ్ర దృక్పథంతో అర్థం చేసుకోవాలి. కఠినమైన బాట ఉంటేనే నాణ్యమైన సాధన. నాణ్యమైన సాధన ఉంటేనే పరుగు. పరుగు ఉంటేనే విరాళం. విరాళం ఉంటేనే రోడ్డు. మీరు తొందరపడి ముందే బాట బాగుచేసేస్తే, ఈ మొత్తం వ్యవస్థ కుప్పకూలిపోతుంది."

గాసన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "అంటే రోడ్డు రావాలంటే రోడ్డు ఉండకూడదేటి బాబూ?"

శశిభూషణ్ గారి కళ్ళు చెమర్చాయి. "మా ఇంజనీర్లకి ఇది బోధపడడానికి మూడు సమావేశాలు పట్టింది. మీరు ఒక్క మాటలో గ్రహించారు."

"మరి పరుగైపోయినాక?"

"తప్పకుండా. అయితే మంచి స్పందన వస్తే ఏటేటా నిర్వహించాలని ప్రతిపాదన ఉంది."

"ఏటేటా పరిగెట్టాలంటే ఏటేటా రాళ్ళుండాల గదా."

"మీరు సంఘంలో సభ్యులుగా ఉండవలసిన మనిషి," అన్నారు శశిభూషణ్ గారు మనస్ఫూర్తిగా.

రాళ్ళు తిరిగి వెయ్యకపోతే లబ్ధిదారుల జాబితాలోంచి ఊరిపేరు తీసేస్తామని కింది గుమాస్తా గుమ్మం దగ్గర చెవిలో చెప్పాడు. గాసన్న ఊరికొచ్చి ఆ మాట చెప్పాడు. ఆడవాళ్ళు తిట్టారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. ఆఖరికి, రోడ్డు కోసమే కదా అని, అందరూ రాళ్ళెత్తారు. ఏ రాయి ఎక్కడుండేదో చెప్పడానికి పాత ఫోటోలు పట్టుకుని ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు. రెండేళ్ళు తవ్విన బాట తొమ్మిది రోజుల్లో పూడింది. ప్రభుత్వం తలుచుకుంటే పని ఎంత చురుగ్గా సాగుతుందో పనసగొంది అప్పుడే మొదటిసారి చూసింది. తన భార్య పోయిన మలుపు దగ్గర గాసన్న ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అక్కడి బండని తనే దొర్లించి బాట మధ్యన పెట్టాడు.

సాధన పరుగులు నెలల తరబడి సాగాయి. పదహారు కిలోమీటర్లు ఇరవై అయింది, ఇరవై ముప్పైరెండయింది. ప్రతి వారం ఒక కొత్త కాగితం వచ్చేది. ఆదివారాలు ఊరివాళ్ళు బాట మీద కట్టెలమోపులతో నడవరాదు, వేగం దెబ్బతింటుంది. మేకలు ఎదురు రారాదు. పరుగువీరులు కనబడినప్పుడు చప్పట్లు కొట్టాలి, ముఖాలు ఉల్లాసంగా ఉంచాలి. కాళ్ళు పట్టేసిన వీరులను డోలీలో దింపే సదవకాశం గ్రామస్తులకు కల్పించడమైనది. కొండ కింద, వీరుల కోసం, ప్రతి ఆదివారం తెల్లారేసరికి ఒక అంబులెన్సు వచ్చి నిలబడేది. ఇరవయ్యేళ్ళలో పిలిస్తే రానిది, పిలవకుండానే వచ్చేది.

ముప్పైరెండు కిలోమీటర్ల ఆదివారం నాడు గాసన్న కోడలు కాసులమ్మకి నొప్పులొచ్చాయి. కొడుకు నెల కిందట కాఫీతోటల్లో కూలికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. తొలికాన్పు. మంత్రసాని కడుపు పట్టి చూసి, "అడ్డంగా ఉన్నాది, నా వల్ల కాదు, దింపీయండి" అంది.

గాసన్న కర్ర తీశాడు. నలుగురూ పరుగందుకున్నారు. తాము పాతిన రాళ్ళ మీద తామే తడబడుతూ దిగుతుంటే, దుప్పట్లోంచి కాసులమ్మ మూలుగు. ఎదురుగా చిలకపచ్చ బనీన్లు ఎక్కివస్తున్నాయి. గెడ్డ దగ్గర దినకర్ ఈల ఊదాడు.

"ఆగండాగండి! పైకెక్కేవాళ్ళకే దారి. ఎదురు రాకూడదని రాసిచ్చాం కదా!"

"నొప్పులు బాబూ. బిడ్డ అడ్డం తిరిగింది."

"నాకర్థమైంది. నేను మనిషిని కానా? ఒక్క నలభై నిమిషాలు పక్కన ఉండండి, ఆఖరి బృందం దాటిపోతుంది. లేకపోతే వీళ్ళందరి సమయాలూ పాడైపోతాయి."

గాసన్న అతని వంక చూశాడు. 'దించేద్దుం మావా' అన్న ఆరో కిలోమీటరు అక్కడికి ఎంతో దూరం లేదు. గాసన్న కర్రని భుజం మార్చుకుని, "తప్పుకో బాబూ," అని నెమ్మదిగా అన్నాడు. తరవాత ఎప్పుడూ అరవనివాడు అరిచాడు. "తప్పుకో!"

దినకర్ గెడ్డలోకి తప్పుకున్నాడు. వెనక వస్తున్న నూట నలభైమందీ బండలకి అతుక్కుపోయారు. డోలీ వాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయింది. మనిషిని మోస్తున్న ఆ నలుగురి వేగం చూసి గడియారాలున్న కొందరు, బాధగా, తమ గడియారాలు చూసుకున్నారు.

కింద అంబులెన్సు డ్రైవరు తలుపు తియ్యలేదు. "నెంబరున్న రన్నర్లకేనండి. నెంబరు రాసుకుని ఎక్కించమన్నారు. నా ఉద్యోగం పోతాది."

హైమావతి అక్కడే గట్టు మీద చెప్పులు విప్పుకుని కూర్చుని ఉంది. కార్యదర్శులందరూ విధిగా పరిగెత్తాలన్న ఉత్తర్వు ప్రకారం పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తి, పొక్కులెక్కి ఆగిపోయింది. లేచి కుంటుకుంటూ వచ్చింది. తన బనీనుకున్న నెంబరు పీకి కాసులమ్మ దుప్పటికి పిన్నుతో గుచ్చింది.

"ఇదిగో నెంబరు. నాలుగొందల పదిహేడు. పిక్క పట్టేసింది. పోనియ్."

డ్రైవరు నెంబరు చూశాడు, కాసులమ్మ కడుపు చూశాడు. "పిక్కే కదండీ?"

"పిక్కే."

పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనీ దక్కించారు. అక్కడి పుస్తకంలో ఈనాటికీ ఉంది: 'పరుగువీరుడు నం. 417. ఎడమ పిక్క పట్టు. చికిత్స ఫలితం: ఆడపిల్ల.' బిడ్డకి జనన ధ్రువపత్రం ఇవ్వాలంటే, మగ పరుగువీరుడు కండరాల నొప్పితో కన్నట్టు నమోదైన కేసు కనుక, పై నుంచి స్పష్టత రావాలన్నారు.

హైమావతికి మెమో వచ్చింది. పరుగు పూర్తిచేయనందుకు ఒకటి, నెంబరు దుర్వినియోగానికి ఇంకొకటి. పనసగొందికి కూడా కాగితం వచ్చింది: 'ఇకమీదట పరుగు దినములందు బాటపై డోలీ కట్టుట పూర్తిగా నిషేధించడమైనది. మినహాయింపు కోరువారు సంఘమునకు రాతపూర్వకముగా దరఖాస్తు చేసుకొనవలెను. కోరం: ముగ్గురు సభ్యులు.' కింద శశిభూషణ్ గారి సంతకం.

అసలు పరుగు రోజు వచ్చింది. రెండువేలమంది. కొండ మొదట్లో డప్పులు, బెలూన్లు, దాతల పేర్లతో తోరణం. ప్రత్యేక అధికారి స్వయంగా పరిగెత్తారు. పట్టుదల గల మనిషి, పందొమ్మిదో కిలోమీటరు దాకా ఆగలేదు. అక్కడ, మలుపులో, బాట మధ్యనున్న బండని దాటబోయి జారారు. చీలమండ దగ్గర టప్పుమన్న చప్పుడు వెనకవాళ్ళకి కూడా వినిపించింది.

ఫోన్లకి సిగ్నలు లేదు. దినకర్ రొప్పుతూ ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చాడు. గాసన్న మనవరాలిని ఒళ్ళో వేసుకుని అరుగు మీద ఉన్నాడు.

"డోలీ తే! తొందరగా! సార్‌కి కాలు విరిగింది!"

"పరుగురోజు డోలీ కట్టకూడదు గదేటి బాబూ. కాయితం ఇచ్చినారు."

దినకర్ వెనక్కి పరిగెత్తాడు. బండకి చేరగిలబడి, చెమటలు కక్కుతున్న శశిభూషణ్ గారు విషయం విని, అంత నొప్పిలోనూ తల ఊపారు.

"అతను చెప్పింది సబబే. నిబంధన నిబంధనే. కోరం ఉందా?"

ఆయన ఒకరు. దినకర్ ఒకరు. మూడో సభ్యుడు పదహారో కిలోమీటరు దగ్గర వాంతులు చేసుకుంటున్నాడు. ఆయన్ని ఇద్దరు రెక్కలు పట్టుకుని పైకి ఈడ్చుకొచ్చేసరికి గంటన్నర పట్టింది. ఈలోపు చీలమండ గుమ్మడిపండంత అయింది. పరుగులో అందరికన్నా వెనక వచ్చి చేరిన హైమావతి ఒక నెంబరు కాగితం వెనక తీర్మానం రాసింది. ముగ్గురూ సంతకాలు పెట్టారు.

తీర్మానం అందేవేళకి గాసన్న డోలీ కట్టేసి ఉంచాడు. ఊళ్ళో కుర్రాళ్ళు, "ఆడ్నలాగే ఉండనీ మావా," అన్నారు. అక్కడే, అదే మలుపులో ఉండనివ్వాలని గాసన్నకీ ఒక క్షణం అనిపించింది. కాని నొప్పి పడుతున్నవాణ్ణి కొండ మీద వదిలెయ్యడం అతని చేతకాలేదు. కర్ర భుజాన పెట్టాడు.

శశిభూషణ్ గారు బరువైన మనిషి. ప్రతి రాతి దగ్గరా కేక పెట్టారు. ఒక కిలోమీటరు దిగాక, "ఇంకెంత దూరం?" అని అడిగారు. "ఆరు" అన్నాడు గాసన్న. కాసేపటికి, దుప్పట్లోంచి, చిన్నపిల్లాడి గొంతుతో, "ఇక్కడికి బండి రాదా?" అని అడిగారు. మోసేవాళ్ళు భుజాలు మార్చుకున్నారు. కింద అంబులెన్సులోకి ఎక్కించేటప్పుడు ఆయన గాసన్న చెయ్యి పట్టుకుని, "ఈ కష్టం నేను మరిచిపోను. వారంలో ఆర్డరు వేస్తాను," అన్నారు.

గాసన్న నమ్మాడు. ఆయనకి నొప్పి చెప్పినంత బాగా ఏ అర్జీ చెప్పలేకపోయిందని ఊళ్ళో అందరికీ చెప్పాడు.

శశిభూషణ్ గారు మాట తప్పలేదు. సరిగ్గా వారానికి ఆర్డరు వచ్చింది. పరుగువీరుల అత్యవసర తరలింపు నిమిత్తం, వసూలైన విరాళాలన్నీ వెచ్చించి, పనసగొంది కొండపై హెలికాప్టర్ దిగే వేదిక నిర్మించాలని.

హైమావతి ఆ ఆర్డరు ఊరందరికీ చదివి వినిపించింది. కాసులమ్మ బిడ్డకి పాలిస్తూ అడిగింది. "అంటే మనకి రోడ్డొద్దు, ఆలకి ఆకాశమా?"

హైమావతి మాత్రం రెండో పేజీ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ చదివింది. మళ్ళీ చదివి నవ్వడం మొదలుపెట్టింది.

"గాసన్నా, వేదిక కట్టాలంటే సిమెంటు రావాలి. రోలరు రావాలి. మట్టి తవ్వే యంత్రం రావాలి. అవి డోలీలో రావు కదా. ఇదిగో రాశారు. 'తాత్కాలిక యంత్ర ప్రవేశ మార్గం, తొమ్మిది కిలోమీటర్లు, పన్నెండడుగుల వెడల్పు.' వేదిక పూర్తయిన మర్నాడు ఈ మార్గాన్ని రాళ్ళతో మూసేసి, బాటను పూర్వస్థితికి తేవాలి."

"పూర్తయిన మర్నాడా?" అన్నాడు గాసన్న.

"పూర్తయిన మర్నాడు."

నలభై రోజుల్లో తాత్కాలిక మార్గం పడింది. గెడ్డ మీద తూములు పడ్డాయి. మలుపులో బండని యంత్రం ఒక్క తోపుతో లోయలోకి తోసేసింది. గాసన్న అది దొర్లినంతసేపూ చూస్తూ నిలబడ్డాడు. మూడో నెలలో వేదిక దాదాపు అయిపోయింది. చుట్టూ అంచు రాళ్ళూ, మధ్యలో తెల్లగీతలూ మాత్రం మిగిలాయి.

ఇది జరిగి రెండేళ్ళు. అంచు రాళ్ళు పాతుతారు, ఊడతాయి. కొండగాలి గట్టిది అని హైమావతి రాస్తుంది. తెల్లగీతలు గీస్తారు, ఆరకముందే ఊరి మేకలన్నీ వాటి మీంచి నడుస్తాయి. మేకలకి నోటీసు ఇచ్చారు, ఫలితం లేదు. ప్రతి నెలా ఒకటో తారీకున పనసగొంది నుంచి నివేదిక వెళ్తుంది: పని తొంభైతొమ్మిది శాతం పూర్తయినది. జిల్లాలో ఇంత పురోగతి చూపించిన పని ఇంకొకటి లేదని, శశిభూషణ్ గారు కుంటుతూనే సమావేశాల్లో చెబుతారు. హైమావతి మెమోలు కూడా రద్దయ్యాయి.

మొన్న సంతరోజున కాసులమ్మ కూతుర్ని టీకా కోసం జీపులో కిందికి తీసుకెళ్ళింది. పోయేటప్పుడు ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు పాతిక. అదే జీపులో పట్నం నుంచి తనిఖీకి ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. వేదిక అంచున గాసన్న గునపంతో ఒక రాయి కదుపుతూ కనిపించాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా పూర్తవలేదా?"

"నేదు బాబూ," అన్నాడు గాసన్న, రాయి పైకి లేపి పక్కన పెడుతూ. "పెద్దోలు దిగే సోటు గదా. జాగర్తగా సేస్తన్నాం."